తలుపు గడియేసుకుని 45 నిమిషాలు

అమ్మను జపాన్ తీసుకొచ్చే ముందు వీసా కాగితాల గురించి, టికెట్ల ధరల గురించి వెతికాను. వాటికన్నా ఎక్కువసార్లు వెతికింది మాత్రం ఒకటే. పచ్చబొట్టు ఉన్నవాళ్లని వేడినీటి బుగ్గల్లో స్నానానికి రానిస్తారా?

మా అమ్మకి రెండు ముంజేతుల మీదా పచ్చబొట్లున్నాయి. ఎడమ చేతి మీద చుక్కల ముగ్గు. కుడి చేతి మీద తేలులాంటిదొకటి, దాని కింద తన పేరు. మాది టెక్కలి దగ్గర చిన్న ఊరు. అక్కడ అమ్మ వయసు ఆడవాళ్లలో చాలామంది చేతుల మీద ఇలాంటివి కనిపిస్తాయి. పదేళ్లప్పుడు పచ్చబొట్లు పొడిచేవాళ్లు ఊళ్లోకి వస్తే అమ్మమ్మే దగ్గర కూర్చోబెట్టి పొడిపించిందట. అమ్మ ఏడుస్తుంటే, "సచ్చిపోయినప్పుడు బంగారం ఊడదీసీసుకుంటారు. ఇదొక్కటే నీతో వస్తాది, ఓర్సుకోయే" అందట.

ఆ తేలుకి జపాన్‌లో వేరే అర్థం ఉంది. అక్కడ ఒంటి మీద పచ్చబొట్టంటే ముందు గుర్తొచ్చేది యాకూజా ముఠాలు. అంతకుముందు నేరస్తులకి శిక్షగా పొడిచేవారు. 1872లో ప్రభుత్వం పచ్చబొట్లు పొడవడాన్నే నిషేధించింది, 1948 దాకా ఆ నిషేధం ఉంది. చట్టం పోయినా చూపు పోలేదు. 2013లో న్యూజిలాండ్ నుంచి ఒక సదస్సుకి వచ్చిన మావోరీ మహిళని, ముఖం మీద తన జాతి సంప్రదాయ పచ్చబొట్టు ఉందని హొక్కైడోలో ఒక స్నానశాల వెనక్కి పంపేసింది. పెద్ద వార్తయింది. 2015లో జపాన్ పర్యాటక శాఖ దేశవ్యాప్తంగా హోటళ్లని, ర్యోకాన్లని అడిగితే, జవాబిచ్చినవాళ్లలో 56 శాతం మంది పచ్చబొట్టుంటే రానివ్వమనే చెప్పారు. చిన్నవైతే చర్మం రంగు స్టిక్కరు అంటించుకుని వెళ్లొచ్చు. అమ్మవి మోచేతి దాకా ఉన్నాయి. అన్ని స్టిక్కర్లు అంటిస్తే బ్యాండేజీ కట్టినట్టుంటుంది.

అయినా స్టిక్కరు దాకా వస్తే కదా! అసలు సమస్య వేరే. నలుగురు ఆడవాళ్ల ముందు ఒంటి మీద నూలుపోగు లేకుండా నీళ్లలోకి దిగమంటే మా అమ్మ దిగుతుందా?

రీల్స్‌లో చూసే ఉంటారు. మంచు పడుతుంటే బయట రాళ్ల మధ్య పొగలు కక్కే నీళ్లలో మెడ దాకా మునిగి, తల మీద చిన్న తువ్వాలు మడిచిపెట్టుకుని కూర్చుంటారు. దాన్నే ఓన్‌సెన్ అంటారు. జపాన్‌లో దీనికి ఒక చట్టం కూడా ఉంది, 1948లోదే. నేలలోంచి వచ్చేటప్పుడు నీళ్లు 25 డిగ్రీలన్నా ఉండాలి, లేదా చట్టం చెప్పిన 19 పదార్థాల్లో ఒకటన్నా తగినంత ఉండాలి. అప్పుడే ఓన్‌సెన్ అని బోర్డు పెట్టుకోవాలి. దేశం మొత్తం మీద ఇలాంటి ఊటలు, బోర్లు కలిపి దాదాపు 27 వేలు. వాటిని ఆనుకుని ర్యోకాన్లు, అంటే పాతకాలం పద్ధతి సత్రాలు. యమనాషిలో ఉన్న నిషియామా ఓన్‌సెన్ కెయున్‌కాన్ 705వ సంవత్సరంలో మొదలైంది. ప్రపంచంలోకెల్లా పాత హోటల్‌గా గిన్నిస్‌లో ఉన్నది అదే.

మామూలుగా ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి పెద్ద తొట్టెలుంటాయి. అందరూ కలిసి స్నానం చేస్తారు, బట్టల్లేకుండా. టోక్యోలో నిషికసాయిలో ఉంటూ ఉద్యోగం చేసుకునే నాకు మొదటి ఏడాది ఆఫీసు వాళ్లు పిలిచినప్పుడల్లా కడుపునొప్పి వచ్చేది. తర్వాత అలవాటైంది. అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు, అది నిజం. కానీ ఆ మాట ఫోన్లో అమ్మకి చెప్పి ఒప్పించడం నా వల్ల అయ్యే పని కాదు.

దీనికి జపాన్ వాళ్ల దగ్గరే ఒక దారి ఉంది. కషికిరి బురో అంటారు. మన పేరు మీద గంటసేపు అద్దెకి తీసుకునే చిన్న స్నానాల గది. కొన్నిచోట్ల కజోకు బురో, అంటే కుటుంబ స్నానం అని కూడా రాస్తారు. లోపలికెళ్లి గడియ పెట్టుకుంటే ఆ టైమంతా మనదే. పచ్చబొట్టు, ఆపరేషన్ కుట్లు, పసిపిల్లలు, మంచం పట్టిన పెద్దవాళ్లు, సిగ్గు... ఏదున్నా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఇంకా డబ్బుంటే గదికే సొంత తొట్టె ఉన్నవి దొరుకుతాయి, అర్ధరాత్రి లేచి దిగినా అడిగేవాళ్లుండరు. నేను మాత్రం 45 నిమిషాల రకమే బుక్ చేశాను. ముందుగా పచ్చబొట్టు సంగతి మెయిల్ రాసి అడిగాను. "కషికిరికి ఇబ్బంది లేదు, మీ తల్లిగారికి స్వాగతం" అని మర్యాదగా జవాబొచ్చింది.

ఇక్కడ మా ఊరి స్నానాల గురించి చెప్పాలి. అది తెలియకపోతే ఆ 45 నిమిషాలు ఏంటో మీకు అర్థం కాదు.

మా ఇంటి వెనక స్నానానికి తాటాకుల దడి ఉండేది. పైకప్పు లేదు, తలుపు లేదు. తలుపు చోట పాత చీర. అమ్మ పెళ్లయి వచ్చేసరికి ఆ దడి నడుం పైదాకే ఉండేదట, కూర్చుని పోసుకోవాలి. పెరట్లోకి మగవాళ్లెవరైనా వస్తే దగ్గాలి. దగ్గకపోతే లోపలున్నవాళ్లు దగ్గాలి. అందుకే అమ్మ నాలుగింటికే లేచి, చీకట్లో, లంగా గుండెల మీదకి కట్టుకుని, అయిదు చెంబులు పోసుకుని బయటపడేది. తడిబట్ట మీదే పొడిచీర చుట్టుకునేది. తర్వాత పొయ్యి, తర్వాత పలాసలో జీడిపప్పు పని. జీడి గింజ చితక్కొట్టేటప్పుడు చిమ్మే నూనె చేతులకి అంటుకుని చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. ఆ చేతుల మీద తేలు కనిపించడం ఎప్పుడో తగ్గిపోయింది. ఇరవై ఏళ్లు గొంతుక్కూర్చుని పని చేసిన మోకాళ్లు ఇప్పుడు మెట్లెక్కనివ్వవు.

నాకు పదమూడేళ్లప్పుడు సిమెంటు ఇటుకలతో గోడ కట్టారు. అప్పుడూ పైకప్పు లేదు, లోపల గడియ లేదు. గడియ బయట పెట్టారు, మేకలు దూరకుండా.

2023 నవంబర్లో అమ్మ వచ్చింది. షిన్‌జుకు నుంచి హకోనెకి రైలెక్కితే గంటన్నర కూడా పట్టదు. కొండలన్నీ ఎర్రటి ఆకులతో ఉన్నాయి. ఓవకుదాని అనే చోట కొండలోంచి పొగలొస్తుంటే, అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "కుళ్లిన గుడ్డు కంపే" అంది. గంధకం వాసన. అక్కడ ఆ నీళ్లలోనే గుడ్లుడికించి అమ్ముతారు. ఇనుము, గంధకం కలిసి పెంకు బొగ్గులా నల్లబడుతుంది. ఒక్కటి తింటే ఏడేళ్ల ఆయుష్షు పెరుగుతుందని వాళ్ల నమ్మకం. అమ్మ రెండు తింది. "పద్నాలుగేళ్లు" అన్నాను. "నాకొద్దులే, నీ పెళ్లి సూసీ దాకా సాలు" అంది. ఏ దేశంలో ఉన్నా ఆ టాపిక్ ఎలాగోలా వచ్చేస్తుంది.

ర్యోకాన్‌లో గుమ్మం దగ్గరే చెప్పులు విప్పేయాలి. అమ్మకి బాగా నచ్చిన మొదటి విషయం అదే. "మన్లాగే మడుసులు" అంది. గదిలో చాపలాంటి తటామి నేల, కింద కూర్చునే బల్ల, రాత్రి నేల మీదే పరుపు. యుకతా అనే నూలు అంగీ ఇచ్చారు. దాన్ని ఎడమ వైపు అంచు పైకొచ్చేలా కట్టుకోవాలి. కుడి అంచు పైకొస్తే అది శవానికి కట్టే పద్ధతి. గుర్తుంచుకోవడం కష్టమేమో అనుకున్నాను. అమ్మ వెంటనే "పైట ఎడం భుజం మీదకే కదేటి, అలాగే" అని కట్టేసుకుంది. కట్టుకున్నాక అద్దంలో చూసుకుని, "నైటీయే, కాకపోతే ముందు బొత్తాల్లేవు" అని తేల్చేసింది.

సాయంత్రం అయిదున్నరకి మా వంతు. ఒక చెక్క తలుపు, దానికి తగిలించే చెక్క పలక. లోపల మనుషులున్నారని దాని మీద రాసుంది. లోపలికెళ్లాక నేను గడియ పెట్టాను. అమ్మ మళ్లీ వచ్చి గడియ లాగి చూసింది. తర్వాత కిటికీ చూసింది. కిటికీ అవతల వెదురు కంచె, ఒక చిన్న మేపుల్ చెట్టు, అంతే. పైకి చూసింది. పైకప్పు ఉంది.

పద్ధతి ఏంటంటే, ముందు చిన్న స్టూలు మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా తోముకుని కడిగేసుకోవాలి. ఆ తర్వాతే తొట్టెలోకి. తొట్టె స్నానానికే, మురికి వదిలించుకోడానికి కాదు. జుట్టు నీళ్లలో పడకూడదు, తువ్వాలూ పడకూడదు, బట్టలసలు పడకూడదు. ఇదంతా చెప్తుంటే అమ్మ లంగా గుండెల మీదకి కట్టుకుని స్టూలు మీద కూర్చుంది, అచ్చం మా దడి వెనక కూర్చున్నట్టే. గబగబా నీళ్లు పోసుకోవడం మొదలెట్టింది. అయిదు చెంబులయ్యాక లేవబోయింది.

"ఎవరూ రారమ్మా" అన్నాను.

"తెలుసునే. సేతులు అలవాటైపోయాయి."

నేను ముందు నీళ్లలోకి దిగి, చెట్టు వైపు తిరిగి కూర్చున్నాను. వెనక్కి చూడలేదు. చాలాసేపు నీళ్ల చప్పుడు కూడా లేదు. తర్వాత తొట్టెలో నీళ్లు ఒక్కసారి పొంగి అంచు మీదనుంచి నేల మీదకి పారాయి. దేవదారులాంటి చెక్కతో చేసిన తొట్టె అది, నీళ్లు పొర్లితే చెక్క వాసన లేస్తుంది. నీళ్లు 41 డిగ్రీలని గోడ మీద రాసుంది. అమ్మ "ఒలమ్మో" అంది. ఆ ఒక్క మాట తర్వాత అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఉండటం నేనెరిగి అదే మొదటిసారి.

తర్వాత తనే అంది. "బాలింత తానంలాగుంది."

మా వైపు బాలింతకి నీళ్లు పోయడం అంటే చిన్న విషయం కాదు. పెద్ద గుండిగలో నీళ్లు మరగకాచి, ముసలమ్మ ఒకామె నడుం మీద, వీపు మీద బలంగా పోస్తూనే ఉంటుంది. తర్వాత సాంబ్రాణి పొగ. అన్ని వేడినీళ్లు, తన ఒక్కదాని కోసం, వేరేవాళ్లు కాచి పోసింది అమ్మకి జీవితంలో రెండుసార్లట. నేను పుట్టినప్పుడు, తమ్ముడు పుట్టినప్పుడు. "ఆ పదకొండ్రోజులే నడ్డికి సుకం తెలిసింది. మల్లీ ఇదిగో" అంది. తమ్ముడికిప్పుడు ఇరవై నాలుగేళ్లు.

ఇంకొన్ని చెప్పింది. కొత్తలో దడి సందులోంచి ఎవరో చూస్తున్నారని అనిపించి నెల రోజులు అసలు దడిలోకే వెళ్లలేదట. వంటింట్లో మూల కూర్చుని గుడ్డ తడుపుకుని తుడుచుకునేదట. ఎవరో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎదురెదురుగా కూర్చుంటే ఈ మాట వచ్చేది కాదేమో. ఇద్దరం పక్కపక్కన చెట్టు వైపు చూస్తున్నాం కాబట్టి వచ్చింది.

పది నిమిషాలకోసారి అమ్మని లేపి అంచు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించాను. బీపీ ఉన్నవాళ్లు అంత వేడిలో ఎక్కువసేపు ఉండకూడదు, దిగ్గున లేవకూడదు, కళ్లు తిరుగుతాయి. మీ పెద్దవాళ్లని తీసుకెళ్తే ఇది మర్చిపోకండి, గుండె జబ్బుంటే డాక్టర్ని అడిగే వెళ్లండి. అలా అంచు మీద కూర్చున్నప్పుడు అమ్మ "తిరుగు" అని నా వీపు రుద్దింది. చిన్న తువ్వాలుతోనే, తోలు లేచిపోయేలా. జపాన్ భాషలో దీనికి ఒక మాటుంది, 'సెనాకా ఓ నగాసు', వీపు కడగడం. పిల్లలు పెద్దవాళ్లకి ప్రేమతో చేసే పని. మా దగ్గర తిరగబడింది. అమ్మ వీపు రుద్దుతానంటే ఒప్పుకోలేదు, మోకాళ్లు మాత్రం పట్టనిచ్చింది. వేడికి చేతుల చర్మం మెత్తబడి, తేలు కొండి దాకా స్పష్టంగా కనిపించింది.

టైమైపోతోందని గోడకున్న ఫోన్ మోగింది. బయటికొచ్చాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతే?"

గదికి, రెండు పూటల భోజనానికి ఇద్దరికీ కలిపి 44 వేల యెన్‌లు. ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. స్నానానికి విడిగా 3 వేల యెన్‌లు. అప్పటి లెక్కలో 1,650 రూపాయలు. అదొక్కటే చెప్పాను.

"నీల్లకి పదహారొందల యాభయ్యా!" అని వరండాలోనే నిలబడిపోయింది. కాసేపాగి, "పొద్దున్న మల్లీ కాళీ ఉందేటో కనుక్కో" అంది.

పొద్దున్న ఏడింటికి దొరికింది. ఈసారి గడియ ఒక్కసారే చూసింది.

ఊరెళ్లాక అమ్మ నాన్నని అడిగింది టీవీ కాదు, ఫ్రిజ్ కాదు. స్నానాల గదికి పైన రేకు, లోపల గడియ, కూర్చోడానికి సిమెంటు తిన్నె. నాన్న "బయట కొళాయి ఉంది కదా, ఇన్నాళ్లూ అయిపోలేదేటి" అన్నారట. నేను వీడియో కాల్‌లో ఉన్నాను. ఇద్దరూ వాదించుకుంటుంటే వింటూ ఊరుకున్నాను, డబ్బులు మాత్రం ఆ రాత్రే పంపించాను. సంక్రాంతికి పని పూర్తయింది. గీజరు పెట్టిస్తానంటే అమ్మ వద్దంది, కరెంటు బిల్లు భయం. గుండిగే వాడుతోంది. కానీ ఇప్పుడు ఆరింటికి లేస్తోంది.

ఇదంతా చదివి జపాన్ వెళ్తే గానీ ఇలాంటిది దొరకదనుకోకండి. మా శ్రీకాకుళం వాళ్లకి పక్కనే తప్తపాణి ఉంది. బరంపురం నుంచి దిగపహండి మీదుగా దాదాపు 50 కిలోమీటర్లు, కొండల్లో. బరంపురం మాకు పరాయి ఊరు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా టెక్కలి, బరంపురం రెండూ గంజాం జిల్లానే. ఇప్పటికీ పట్టుచీరకైనా, పెద్దాసుపత్రికైనా చాలామంది అక్కడికే వెళ్తారు, తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్తారు. తప్తపాణి దగ్గర అగ్నిపర్వతాలేవీ లేవు. వాన నీరు రాతి పగుళ్లలోంచి లోతుకి దిగి, కిలోమీటరుకి పాతికో ముప్పయ్యో డిగ్రీల చొప్పున వేడెక్కి, ఇంకో పగులు దొరికితే పైకి తన్నుకొస్తుంది. ఊట దగ్గరే కంధుణి దేవి గుడి. పిల్లలు కావాలని మొక్కుకునే ఆడవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్‌లో కొన్ని గదులకి ఆ ఊట నీళ్లే పైపులో వస్తాయి. నేలలోకి దిగేలా కట్టిన పెద్ద తొట్టెలు, తలుపు గడియేసుకుంటే మనమూ నీళ్లూ. గదికే సొంత ఓన్‌సెన్ అన్నమాట, యెన్‌లు లేకుండా.

పోయిన చలికాలం సెలవుకొచ్చినప్పుడు అమ్మని, ఇద్దరు పిన్నుల్ని తీసుకెళ్లాను. పలాసలో రైలెక్కి బరంపురంలో దిగి, అక్కడ జీపు మాట్లాడుకున్నాం. ఆ గదులు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. తొట్టె నిండటానికి టైం పట్టింది, నీళ్లు కూడా బాగా వేడి, చల్లార్చుకుని దిగాలి. హకోనెలో మేం దిగిన చోట నీళ్లకి వాసన లేదు, ఇక్కడ గంధకం గుప్పుమంటుంది. చిన్న పిన్ని ముక్కు మూసుకుని "నానొల్ల, నాను రాను" అంది.

అప్పుడు అమ్మ ఇన్‌చార్జి అయింది. "ముందు తిన్నె మీద కూసుని సబ్బెట్టుకో. ఒల్లు కడుక్కున్నాకే దిగాల. జుట్టు పైకి కట్టు. లంగాతో దిగకూడదు, అది రూలు." ఎక్కడి రూలని పెద్ద పిన్ని అడిగితే, "జపాన్‌ది" అంది. పిన్నులిద్దరూ లంగాలతోనే దిగారు. అమ్మ గడియ లాగి చూసి, నన్ను బయటే ఉంచేసింది. ముగ్గురు అక్కచెల్లెళ్లు లోపల గంటన్నర ఉన్నారు. ఒకటే నవ్వులు, మధ్యలో పాట, కాసేపు ఏ చప్పుడూ లేకపోతే భయమేసి తలుపు కొట్టాను. "బతికే ఉన్నాం, ఎలిపో" అని లోపల్నుంచి కేక.

బయటికొచ్చాక చూస్తే ముగ్గురి మెట్టెలూ పట్టీలూ నల్లగా అయిపోయాయి. గంధకం నీళ్లకి వెండి అలాగే అవుతుంది. పుస్తెలకేమీ కాలేదు. పెద్ద పిన్ని అపశకునమేమోనని దిగులు పడింది. అమ్మ బరంపురం స్టేషన్లో పళ్లపొడి కొనిపించి, రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ముగ్గురివీ ఒళ్లో వేసుకుని ఒక్కొక్కటే తోముతూ వచ్చింది. ఇచ్ఛాపురం దాటేసరికి ఒక జత తెల్లబడింది.